పెనుకొండలో ఒకే పెనం చుట్టూ

ఈసారి రాసింది కాస్త పొడుగు. కాఫీ పక్కన పెట్టుకుని తీరికగా చదవండి.

పది దినాలుగా మనవాళ్ళ మధ్య ఒక మాట నలుగుతోంది. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో, దాని చుట్టుపక్కల కంపెనీల్లో మన పిల్లలు కొందరు పని చేస్తున్నారు కదా. వాళ్ళలో ఒకడు కొరియా హోటల్లో భోంచేస్తున్న ఫొటో పెట్టాడు. టేబుల్ నడుమ నిప్పుల మీద పెనం, పెనం మీద మాంసం, చుట్టూ పది పన్నెండు చిన్న గిన్నెలు, పిల్లవాడి అరచేతిలో పచ్చి ఆకు. దాని మీద మూడు అభ్యంతరాలు వచ్చాయి. పచ్చి ఆకులు మేకలు తింటాయి గాని మనుషులు తింటారా అని ఒకటి. అది పంది మాంసం అని రెండోది. అందరూ తమ నోట్లో పెట్టుకున్న పుల్లలనే మళ్ళీ అవే గిన్నెల్లో పెడతారు, ఎంగిలి అని మూడోది.

మొదటి రెండింటికీ జవాబు చిన్నదే. తమలపాకు పచ్చిది కాదా? అరచేతిలో ఆకు పరిచి, సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి ఒకే నోట పెట్టుకోవడం మనకు కొత్తా? కొరియావాళ్ళు చేసేదీ అంతే. సున్నం బదులు సోయా ముద్ద, వక్క బదులు మాంసం. ఇక పంది మాంసం తినేవాళ్ళు తింటారు, తిననివాళ్ళు తినరు. మన ఊళ్ళోనూ అంతే. మూడోదానికి మాత్రం చిన్న జవాబు లేదు, దాని వెనక చరిత్ర ఉంది. ఆ చరిత్ర కొరియాదీ, మనదీ కూడా.

ముందు ఊరి సంగతి. పెనుకొండ మనకు పరాయి ఊరు కాదు. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక తిరుమలరాయలు హంపి వదిలి రాజధానిని పెనుకొండకు మార్చుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు బీజాపూరు సైన్యం ఆ కోటను ముట్టడించినప్పుడు నిలబడి కాపాడినవాడు జగదేవరాయలు. దానికి బహుమానంగా ఆయనకు దక్కిన జాగీరులో మన బారామహల్ ఉంది. ఇప్పుడు మనం కృష్ణగిరి, ధర్మపురి అని రెండు జిల్లాలుగా చెప్పుకునే నేలలో చాలా భాగం అదే. కృష్ణగిరి పక్కన జగదేవి అనే ఊరు నేటికీ ఆయన పేరుతోనే ఉంది. మన ఇళ్ళవాళ్ళందరూ ఆయన గుర్రాల వెంటే వచ్చారని చెప్పుకోవడం అతి. కొందరు అంతకుముందే వచ్చారు, కొందరు పొలాలు వెతుక్కుంటూ చాలా తర్వాత వచ్చారు. అయినా పెనుకొండకూ మనకూ మధ్య దారి పడింది అప్పుడే.

ఆ దారిలో ఇంకొక మనిషీ నడిచాడు. 1792లో టిప్పు నుంచి బారామహల్ కుంఫిణీ చేతికి వచ్చినప్పుడు కెప్టెన్ రీడ్ కింద పనిచేసిన థామస్ మన్రో దాదాపు ఏడేళ్ళు ఇక్కడే ఉన్నాడు, ఎక్కువ కాలం ధర్మపురిలోనే. 1800లో ఆయన్ను దత్త మండలాలకు పంపారు. అక్కడ ఆయన మకాం అనంతపురం. అంటే మన పన్నుల లెక్క నేర్చుకున్నవాడే పోయి పెనుకొండ రైతుకూ పట్టా రాశాడు. రైల్వేలో ముప్పై ఏళ్ళు కాగితాలు తిప్పినవాళ్ళం కాబట్టి మాకు తోచే మాట ఇంకొకటి ఉంది. ధర్మపురి స్టేషనూ పెనుకొండ స్టేషనూ ఇప్పుడు ఒకే డివిజన్, బెంగళూరు డివిజన్. పాత జాగీరును రైల్వే మళ్ళీ కలిపినట్టుంది.

ఇక కొరియావాళ్ళు. తమిళనాట వాళ్ళు 1996 నుంచి ఉన్నారు. ఆ ఏడు హ్యుందాయ్ మద్రాసు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఫ్యాక్టరీకి పూనుకుంది, 1998లో శాంట్రో బయటికి వచ్చింది. దాని వెంట విడిభాగాల కంపెనీలు, వాటి వెంట ఇంజనీర్లు, ఇంజనీర్ల వెంట వంటవాళ్ళు. మద్రాసులో కొరియా భోజనశాలలు అలా మొదలయ్యాయి. మనవాళ్ళ కోసం కాదు, తమ ఊరి పులుపు లేకుండా ముద్ద దిగని వాళ్ళ కోసం.

పెనుకొండలో అదే కథ ఇరవై ఏళ్ళ తర్వాత జరిగింది. 2017 ఏప్రిల్‌లో కియా ఆంధ్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సత్తా. 2019 ఆగస్టులో సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. 1944లో సైకిలు భాగాలు చేసే కంపెనీగా పుట్టిన కియా, వేరుశనగ తప్ప వేరే పేరు వినపడని నేలలో కార్లు చేసింది. బెంగళూరు నుంచి పోయే హైవే పక్కన, హిందూపురంలో, అనంతపురంలో కొరియా అక్షరాల బోర్డులు లేచాయి. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, వాటి పక్కన గుండ్రాలూ గీతలూ కలిసిన ఆ కొరియా లిపి. తమిళ బడిలో చదివి, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్న మాలాంటివాళ్ళకు ఆ బోర్డులు చూస్తే ఒక రకమైన ముచ్చట. ఊరు వదిలి వచ్చినవాడు ముందు తన అక్షరం పెట్టుకుంటాడు, తర్వాత తన తిండి పెట్టుకుంటాడు. మన పెద్దలు అక్షరం వదులుకున్నారు గాని తిండి వదల్లేదు.

ఆ భోజనం ఎలా ఉంటుందో చూడనివాళ్ళ కోసం చెప్తాం. టేబుల్ మధ్యలో గుంత, గుంతలో బొగ్గులో గ్యాసో, దాని మీద పెనం. పైన పొగ పీల్చే గొట్టం వేలాడుతుంది. మాంసం పచ్చిగానే వస్తుంది. పట్టకారు, కత్తెర మన చేతికి ఇస్తారు. అవును, బట్టలు కత్తిరించేలాంటి కత్తెరే. కాలినదాన్ని దానితోనే ముక్కలు చేస్తారు. పంది పొట్ట దగ్గరి మూడు పొరల మాంసాన్ని సంగ్యొప్సల్ అంటారు. పక్కన బుట్టలో లెట్యూస్ ఆకులు, కొన్నిచోట్ల కాస్త ఘాటుగా ఉండే పెరిల్లా ఆకులు. వెల్లుల్లి రేకలు, పచ్చిమిరప చక్రాలు, స్సామ్‌జాంగ్ అనే సోయా ముద్ద. ఆకు అరచేతిలో పరిచి, ముక్క పెట్టి, ముద్ద అద్ది, మూట కట్టి ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. కొరికితే చేతి మీద కారుతుంది. ఈ మూటకే స్సామ్ అని పేరు.

చుట్టూ ఉండే చిన్న గిన్నెలను బంచన్ అంటారు. మన మాటలో చెప్పాలంటే నంజుకునేవి. కిమ్చి, ముల్లంగి, మొలకలు, పాలకూర, గుడ్డు. వీటికి వేరే బిల్లు ఉండదు, అయిపోతే మళ్ళీ తెస్తారు. మన పెళ్ళి పంక్తిలో పొరియల్ మళ్ళీ వేయించుకున్నట్టే. హోటలు లెక్క తెలిసినవాళ్ళకు ఇది ఆశ్చర్యం.

చూసేవాళ్ళకు ఇది మాంసం విందు. కాని దీని వేరు ఆకులో ఉంది. పాత కాలంలో స్సామ్ అంటే ఆకులో అన్నం, అన్నం మీద సోయా ముద్ద. పొలంలో నాట్లు వేసేవాడి మధ్యాహ్న భోజనం. మన రాగి సంగటి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ లాంటిది. 13, 14 శతాబ్దాల్లో మంగోలులు కొరియాను లోబరచుకుని, చీనాలో తమ యువాన్ రాజ్యానికి కప్పంగా కొరియా ఆడపిల్లలను పట్టుకుపోయేవారు. ఆ పిల్లలు అక్కడి అంతఃపురంలోనే లెట్యూస్ నాటుకుని, ఆకులో అన్నం చుట్టుకుని తిన్నారని కొరియాలో చెప్పుకుంటారు. యువాన్ కాలపు కవి యాంగ్ యున్‌ఫు కొరియావాళ్ళ ఈ ఆకు మూటల ప్రస్తావన చేశాడు. 18వ శతాబ్దంలో యీ ఇక్ అనే కొరియా పండితుడు దాన్ని గుర్తుచేశాడు. ఇంటికి తిరిగి రాలేని పిల్లలు పెరట్లో ఒక ఆకు నాటుకోవడం అన్నది మాకు రాజుల కథలకంటే పెద్దగా తోస్తుంది.

ఆ 18వ శతాబ్దంలోనే యీ దొక్‌ము అనే పండితుడు 1775లో మర్యాదల పుస్తకం ఒకటి రాశాడు. అందులో ఆకు మూట గురించి కూడా చెప్పాడు. మూట నోటికి పట్టనంత పెద్దదిగా కట్టకూడదు, బుగ్గలు ఉబ్బితే చూడడానికి బాగుండదు అని. మన అవ్వలు చెప్పే మాటే, పుస్తకంలోకి ఎక్కింది.

ఇప్పుడు ఎంగిలి సంగతికి వస్తాం. కొరియావాళ్ళు ఎప్పుడూ ఇలాగే ఒకే గిన్నెలో పుల్లలు పెట్టి తిన్నారనుకుంటే పొరపాటు. జొసొన్ రాజుల కాలంలో, అంటే 1392 నుంచి 1910 వరకు, పెద్దింటి మగవాడికి విడిగా చిన్న పీట. దాన్ని సొబాన్ అంటారు. ఒక మనిషికి ఒక పీట, అదే మర్యాద. తాతకు ఒక పీట, తండ్రికి ఇంకొక పీట. ఆడవాళ్ళు వేరే గదిలోనో వంటింట్లోనో. పెద్దాయన తిని లేచాక ఆ పీట మీద మిగిలింది కిందివాళ్ళకు దిగుతుంది. ఇంటి పిల్లలకు, ఆడవాళ్ళకు, చివరికి పనివాళ్ళకు. అందుకే పెద్దాయన కొంచెం మిగల్చడం కూడా ఒక మర్యాదే అక్కడ.

చదువుతుంటే మీకు ఎవరిల్లు గుర్తొచ్చింది? మాకు మన ఇళ్ళే గుర్తొచ్చాయి.

ఆ పీటలు పోయి అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడం 20వ శతాబ్దంలో జరిగింది. జపాను పాలన, దాని తర్వాత 1950 నుంచి 1953 దాకా యుద్ధం. ఇల్లూ పీటా వదిలి పరుగెత్తినవాళ్ళకు దొరికిన బల్లే గతి. ఆ యుద్ధంలో మన దేశం సైనికులకు బదులు వైద్యులను పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ కింద 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. ఇవాళ పెనుకొండలో కారు కంపెనీ నడిపే దేశం అప్పుడు బూడిద. మాంసం మాట అటుంచండి, అన్నానికే కరువు.

మాంసం చరిత్ర కూడా మనం అనుకునేట్టు లేదు. బౌద్ధం బలంగా ఉన్న కొర్యో కాలంలో మాంసం తగ్గింది, మంగోలుల రాకతో మళ్ళీ పెరిగింది. జొసొన్ రాజులు ఎద్దులు దున్నడానికి కావాలి కాబట్టి గొడ్డును కోయరాదని మళ్ళీ మళ్ళీ ఆజ్ఞలు వేశారు. మళ్ళీ మళ్ళీ వేశారంటేనే జనం వినలేదని అర్థం. ఏ ఆఫీసు సర్క్యులరైనా అంతే, మా సర్వీసులో చూడనిదా. మామూలు మనిషి ఉద్యోగం చేసి, సాయంత్రం తోటివాళ్ళతో కూర్చుని పంది మాంసం కాల్చుకు తినడం 1970లు, 80ల నాటి మాట. ఫ్యాక్టరీ జీతాలు వచ్చాక, పందుల పెంపకం పెరిగాక, చిన్న గ్యాస్ పొయ్యి ఇంటింటికీ వచ్చాక. అంటే ఆ పెనం వయసు మన సంఘంలో చాలామంది వయసుకంటే తక్కువ.

కిమ్చి ఎర్రదనం కూడా అంత పాతది కాదు. మిరప అమెరికా ఖండం పంట. పోర్చుగీసువాళ్ళు దాన్ని 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. ఇంచుమించు అదే కాలంలో అది కొరియాకూ చేరింది. 1614లో యీ సుగ్వాంగ్ రాసిన పుస్తకంలో అది జపాను నుంచి వచ్చిందని ఉంది. పెనుకొండలో రాయలు ఉన్నప్పుడు ఆ కోటలో వండిన పులుసులో కారం మిరియాలదే అయ్యుండాలి. మిరపకాయ లేని ఊరగాయను మనం ఊహించలేం, వాళ్ళు కిమ్చిని ఊహించలేరు. రెండు జాతులూ ఒకే కొత్త కాయకు ఒకే కాలంలో లొంగిపోయాయి.

ఇక్కడ ఒక మాట. మన తమిళ మిత్రులు కొరియాలో కూడా అమ్మను ఒమ్మ అనీ నాన్నను అప్పా అనీ అంటారు కాబట్టి వాళ్ళు మనవాళ్ళే అంటుంటారు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికా పాదిరి 1905లో కొరియా భాషనూ ద్రావిడ భాషలనూ పోల్చి ఒక వ్యాకరణం కూడా రాశాడు. 13వ శతాబ్దపు కొరియా గ్రంథం ఒకటి అయుత అనే దేశం నుంచి ఓడలో వచ్చిన రాణి కథ చెప్తుంది. అది అయోధ్య అని కొందరు, కన్యాకుమారి వైపని కొందరు. వినడానికి బాగుంటుంది. కాని అమ్మా నాన్నల మాటలు లోకంలో చాలా భాషల్లో ఒకేలా ఉంటాయి, పసిబిడ్డ పెదవికి సులువైనవి అవే కాబట్టి. చుట్టరికం కలిస్తేనే పక్కన కూర్చుని తినాలా? కలవకపోయినా తినవచ్చు కదా. మా ఆలోచన అది.

ఎందుకంటే కలిసినవాళ్ళతో కూడా మనం తినలేదు. మా పని రైల్వే కాబట్టి రైల్వే సంగతే చెప్తాం. ఒకప్పుడు మన దక్షిణాది స్టేషన్ల భోజనశాలల్లో బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది. టికెట్టు ఒకటే, బండి ఒకటే, విస్తరి దగ్గర గోడ. పెరియార్ దాని మీద ఉద్యమం చేశారు, 1941లో ఆ ఏర్పాటు పోయింది. అదే ఏడు మొరప్పూరు నుంచి ధర్మపురి వచ్చే చిన్న లైనునూ ఎత్తేశారు. మన ఊరివాళ్ళకు వేరు భోజనశాలతో పాటు బండీ పోయింది, అది వేరే కథ, ఇంకోసారి రాస్తాం.

స్టేషన్లో గోడ పోయిందని ఊళ్ళో పోలేదు. మన ప్రాంతపు టీ కొట్లలో ఎవరికి ఏ గ్లాసు అన్నది పెద్దవాళ్ళందరికీ తెలుసు. మన పెళ్ళిళ్ళలో పంక్తి ఎవరితో మొదలై ఎవరితో ముగిసేదో కూడా తెలుసు. ఎవరిని కాంపౌండు బయట కూర్చోబెట్టేవాళ్ళమో పేర్లతో సహా తెలుసు. కాబట్టి ఎంగిలి అన్న మాట వచ్చినప్పుడు మేము రెండు ప్రశ్నలు విడదీసి చూస్తాం. ఆ గిన్నెలో ఇంకొకరి ఉమ్మి కలుస్తుందా అన్నది శుభ్రత ప్రశ్న, న్యాయమైనది. కరోనా తర్వాత కొరియాలోనే గరిటె వేరుగా పెట్టాలని గట్టిగా చెప్పారు. ఆ గిన్నెలో చేయి పెట్టింది ఎవరు అన్నది ఇంకో ప్రశ్న. చాలాసార్లు మనం రెండోది అడుగుతూ మొదటిది అడుగుతున్నట్టు నటిస్తాం.

కొరియా బల్ల అంతా సమానం అని కూడా చెప్పలేం. అందరిలో పెద్దవాడు చెంచా ఎత్తేదాకా చిన్నవాడు ఎత్తడు. పెద్దవాడికి పోసేటప్పుడు రెండు చేతులూ పెట్టాలి. కంపెనీ మనుషులు పని అయ్యాక కలిసి తినే విందును హ్వేసిక్ అంటారు. పై అధికారి పోస్తే వద్దనడం చిన్నవాడికి కష్టమని కొరియాలోనే ఫిర్యాదు ఉంది. పిల్లల తల్లిదండ్రులకు ఇది చెప్పి తీరాలి. సోజు నీళ్ళలా తెల్లగా ఉంటుంది, నీళ్ళు కాదు. తిండి గురించి భయం వద్దు, దీని గురించి మాత్రం పిల్లలతో ఒకసారి మాట్లాడండి.

శాకాహారులు అడిగారు కాబట్టి అదీ. పెనం మీద పుట్టగొడుగులు, గుమ్మడి, బంగాళాదుంప, టోఫు కాల్పించుకోవచ్చు. ఆకు మూటకు మాంసం ఉండి తీరాలని లేదు, పాత పద్ధతిలో అన్నం పెట్టుకోండి. కాని కిమ్చిని ఆకుకూర అనుకుని తినేయకండి. మామూలుగా అందులో చేపల పులుసో ఉప్పు రొయ్యలో కలుపుతారు. అడిగి తినాలి. కొరియా బౌద్ధ మఠాల వంటలో మాంసమూ చేపా ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. అలాంటి వంట హైవే హోటళ్ళలో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

పోయిన ఏడు లేపాక్షి చూసి వస్తూ మేము ఎనిమిది మందిమి అలాంటి హోటలు ఒకదానిలో కూర్చున్నాం. మా వదిన కూడా వచ్చింది. నలభై అయిదేళ్ళ సంసారంలో మగవాళ్ళు చేతులు కడుక్కున్నాక గాని ఆమె కూర్చుని తినడం మేము చూడలేదు. పండగ రోజైనా సరే, మన ఇళ్ళలో అంతే కదా, దోసె ఆఖరిది పెనం మీంచి దిగేసరికి చట్నీ అయిపోయి ఉంటుంది. అక్కడ ఆమె లేచి వడ్డించబోయింది. లేవడానికి వంటిల్లు లేదు, పెనం అందరి ముందే ఉంది. పట్టకారు మా అన్న చేతిలో ఉంది. ఆయన జీవితంలో మొదటిసారి ముక్క తిరగేస్తున్నాడు, మాడ్చాడు కూడా. వదిన తినేది చికెన్ మాత్రమే, దాన్ని వేరే పెనం మీద కాల్చారు. ఆకులో పెట్టుకుని, స్సామ్‌జాంగ్ వాసన చూసి వద్దని, సంచిలోంచి తను తెచ్చుకున్న చింతకాయ పచ్చడి తీసి రాసుకుంది. మూట కట్టడం ఎవరూ నేర్పలేదు, తాంబూలం చుట్టిన చెయ్యి.

వడ్డించే అమ్మాయి హిందూపురం పిల్ల. ఆ పచ్చడి ఏమిటని అడిగి, కొంచెం గిన్నెలో వేయించుకుని లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి కొరియా వంటాయన బయటికి వచ్చి, ఖాళీ గిన్నె చూపించి, వదిన వైపు తిరిగి నడుము వంచి ఏదో అన్నాడు. ఆ పిల్ల తెలుగులో చెప్పింది, ఇంకొంచెం ఉందా అని అడుగుతున్నాడు అవ్వా అని.